కదలని బండి

రాగసుధకు ఆ మధ్యాహ్నం ఒక చెడ్డ రాత్రి కావలసి వచ్చింది. చెడ్డదంటే మరేం కాదు, ఏదో ఒక బండి జీపీఎస్ చుక్కలు కుదురు లేకుండా చెదిరిపోయిన రాత్రి. బండికి బిగించిన చిన్న పెట్టె తానెక్కడున్నదీ కొద్దికొద్దిసేపటికి ఆఫీసు కంప్యూటరుకు పంపుతూ ఉంటుంది. ఆ చుక్కలను కలిపి గీత గీసి, నీ బండి ఇక్కడ తిరిగింది, అక్కడ ఆగింది అని యజమానికి వెబ్‌సైటులో చూపించడం వీళ్ళ వ్యాపారం. మర్నాటి నుంచి కొత్త వెర్షన్ వస్తోంది. బండి వెళ్ళిన దారంతా బొమ్మలాటలా మళ్ళీ ఆడించి చూసుకోవచ్చు. రెండు రోజుల తిరుగుడును పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నమ్మకూడని చుక్కల్ని ఏరి పారేసే ‘సఫాయి’. ఆ పేరు పెట్టింది ఆఫీసు యజమాని విఠల్‌రావు. పేరు ఆయన పెట్టాడు, పని రాగసుధ చేసింది. సాధారణంగా జరిగేదే.

రెండు వేల తొమ్మిది ఎండాకాలం. అఫ్జల్‌గంజ్‌లో ఇనుప సామాను దుకాణం మీది అంతస్తులో వాళ్ళ ఆఫీసు. కింద రేకులు కోసే చప్పుడు, పైన కూలరు చప్పుడు, రెండూ పోటీపడుతుంటాయి. ఇద్దరు కుర్రాళ్ళు మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయాక ప్రోగ్రాం రాయడం, అది పనిచేస్తోందో లేదో చూడటం, ఫోన్లకు జవాబు చెప్పడం, కస్టమర్ల ఇళ్ళకెళ్ళి నేర్పడం, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. పొద్దున లేస్తూనే మెడ పట్టేసి ఉంటుంది. ఇంటికెళ్ళి పడుకున్నా కళ్ళ ముందు చుక్కలే కదులుతుంటాయి. అలసట అన్న మాటకు కూడా ఓపిక కావాలి, ఆమెకు అది కూడా లేదు.

సఫాయిని పరీక్షించాలంటే బాగా చెదిరిన రికార్డు కావాలి. మంచి రోజుల రికార్డులతో పరీక్షలన్నీ అయిపోయాయి, అన్నీ సరిగ్గానే వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు గౌలిపుర పాల బండి. మాఘమాసంలో ఒక రాత్రి, ఆ బండి తిరగకూడని వేళలో తిరిగిందని పెద్ద గొడవ అయింది. ఆఫీసులో ఆ గీత అందరికీ గుర్తే. గల్లీలోంచి బయటపడి, రోడ్డు దాటి, లాల్‌దర్వాజ వైపు కొంత దూరం పోయి, తిరిగొచ్చి, మళ్ళీ ఇంకో వైపు పోయిన ఎర్రగీత. వెతికి తెరిచింది. ఎర్రగీత అలాగే ఉంది. సఫాయి మీట నొక్కింది.

గీత మాయమైంది. తెల్లటి మ్యాపు మీద ఒక్క నీలం చుక్క మిగిలింది.

తన ప్రోగ్రాంలోనే తప్పుందనుకుంది ముందు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఒకటే చుక్క. ఇక ఒక్కొక్క చుక్క పక్కన ఉన్న అంకెలు విప్పి చూడటం మొదలుపెట్టింది. పెట్టెకు ఆకాశం కనపడాలి, అప్పుడే ఉపగ్రహాల సాయంతో తన చోటు తెలుసుకోగలదు. ఆ రాత్రి ఆ పెట్టెకు ఆకాశం సరిగా కనపడనేలేదు. కనపడక, నిలబడ్డ చోటనే నిలబడి, ఇక్కడున్నాను, కాదు అక్కడున్నాను అని తోచినట్టు చెప్పింది. పాత వెర్షన్ ఆ మాటలన్నీ నమ్మి గీతలు కలిపి, దానికి ‘ప్రయాణం’ అని పేరు రాసింది. గీత ఇళ్ళ మీదుగా, గోడల్లోంచి పోయింది. అప్పుడు ఎవరూ గమనించలేదు, ఎందుకంటే వాళ్ళ మ్యాపులో పాతబస్తీ గల్లీలు లేనే లేవు. రోడ్లు దాటితే అంతా తెల్లగా ఖాళీ. ఖాళీ మీద గీసిన గీత ఎలా పోయినా దారిలాగే కనబడుతుంది.

బండి కదలలేదు. రాగసుధ కుర్చీ వెనక్కి జరిపి కూర్చుంది. 

ఆ బండి యజమానురాలు మాణిక్యమ్మ మాఘంలో ఆ గొడవ నాడు మెట్లెక్కి ఆఫీసుకొచ్చింది. ఆమె వెనక అన్నదమ్ములిద్దరు వచ్చి నిలబడ్డారు. పొద్దుటి ట్రిప్పు నడిపే ఎల్లప్ప, సాయంత్రం ట్రిప్పు నడిపే మల్లన్న. బండికి తాళంచెవులు రెండే, ఇద్దరి దగ్గరా చెరొకటి. “బండి పోయిందా, పోలేదా, ఒక్క మాట చెప్పుండ్రి” అని అడిగింది ఆమె. “మిషన్‌కు ఎవరి మీద పగ ఉంటదమ్మా” అని నవ్వి, విఠల్‌రావు రాగసుధ వైపు చూశాడు. ఆమె తెర వాళ్ళ వైపు తిప్పి, “వెళ్ళిందండి” అంది. అన్నదమ్ములు తెరను చూశారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొన్నాళ్ళకు చిన్నవాడు మల్లన్నను తీసేశారని తెలిసింది. తప్పు చేశాడు కాబోలనుకుని ఆమె తన పనిలో పడిపోయింది.

నీలం చుక్క చూసిన ఆ సాయంత్రమే రాగసుధ విఠల్‌రావు గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన తెర మీద రెండు బొమ్మలూ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదాయన. నెల తిరిగేసరికి జీతాలివ్వాలన్న దిగులు తప్ప ఆయనకు వేరే దురలవాటు లేదు.

“నువ్వు చెప్పేది కరెక్టే సుధా” అన్నాడు. “కానీ పాత రిపోర్ట్ గలత్ అని మనమే చెప్తే ఏమైతదో సోచాయించు. ఉన్న కస్టమర్లంత పాత కాగితాలు పట్టుకొని మెట్లెక్కుతరు. ఎవర్ని తీసేసిన్రో, ఎవర్ని తిట్టిన్రో, అన్నీ మన మీదికొస్తయి. ఒక పని చెయ్యి. తేదీ పెట్టు. ఈ నెల ఒకటో తారీఖు నుంచి వచ్చిన డేటాకే సఫాయి. దానికి ముందుది ఎట్లున్నదట్లనే ఉండనియ్.”

“మరి ఆ మల్లన్న సంగతేంటండి?”

“ఏ మల్లన్న?”

“గౌలిపుర బండి. ఉద్యోగం పోయింది కదా.”

విఠల్‌రావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. “వాడు ఒప్పుకున్నడు గదమ్మా. మాణిక్యమ్మ వాళ్ళ తీరుల అడిగిందట. వాడు నోరు తెరవలేదట. బండి తియ్యనోడు తియ్యలేదని చెప్పడానికేం బాధ? వేరే రోజులు తీసిండేమో, ఎవరికెరుక.”

రాగసుధ గదిలోంచి బయటకు వచ్చింది. నిజమే, తియ్యనివాడు ఎందుకు మాట్లాడలేదు? సీటుకొచ్చి కూర్చుని తేదీ పెట్టింది. ఒకే ఒక్క లైను. ఈ తేదీకి ముందుదైతే వదిలెయ్. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. రాశాక మాత్రం చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. లేచి వెళ్ళేముందు ఆ రాత్రి బొమ్మలు రెండూ, ఎర్రగీతదీ నీలం చుక్కదీ, ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అడిగితే చెప్పలేకపోయేది.

మాణిక్యమ్మ ఇంటికి కొత్త వెర్షన్ నేర్పడానికి వెళ్ళవలసింది ఆ మర్నాడు కాక ఆ తర్వాతి రోజు. మధ్యలో రోజంతా రాగసుధ వేరే కస్టమర్ల దగ్గర తిరిగింది, మీటలు నొక్కి చూపించింది, వాళ్ళ మెప్పులు విన్నది. ఒకాయన సఫాయిని చూసి, ఇకనుంచి మా వాళ్ళు తప్పించుకోలేరు అని మురిసిపోయాడు. ఆమె ఔనండీ అంది. ఆ ఔనండీ అన్నందుకు బస్సులో తనను తానే తిట్టుకుంది.

గౌలిపురలో మాణిక్యమ్మ ఇల్లంటే అందరికీ తెలుసు. ఒకప్పుడు బర్రెల కొట్టం ఉన్న చోట ఇప్పుడు ఫ్రిజ్‌లు వరసగా ఉన్నాయి, ప్యాకెట్ల పాలు, పెరుగు అమ్ముతుంది. పాతరోజుల గుర్తుగా ఒకే ఒక్క బర్రె వెనక వాకిట్లో ఉంది. దాని పాలు ఇంటికీ, ఇంటి పూజకూ. పొద్దుటి అమ్మకం అయిపోయింది. ఎల్లప్ప బండిని గేటు ముందు నిలబెట్టి, పంచె ఎగ్గట్టి, పాల ట్రేలు ఒక్కొక్కటే పైపు నీళ్ళతో కడిగి గోడకు బోర్లిస్తున్నాడు. నలభై దాటిన మనిషి. రాగసుధను చూసి తలూపాడు, పని ఆపలేదు.

కంప్యూటరు ముందుగదిలో ప్లాస్టిక్ గుడ్డ కింద ఉంది, మానిటరుకు పసుపు కుంకుమ పెట్టి. మాణిక్యమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. అరవై ఏళ్ళుంటాయి, చేతులకు నిండా గాజులు, నోట్లో వక్క. మౌసు పట్టుకోవడం ఆమె తనే నేర్చుకుంది. ఎవరికో చెప్పి నొక్కించుకోవడం ఆమెకు నచ్చదు.

“గీ బండి ఉరుకుడు మస్తున్నది బిడ్డా” అంది, తెర మీద చిన్న బండి బొమ్మ నిన్నటి దారి వెంట కదులుతుంటే. “ఎల్లప్పా, ఇటు చూడు. నువ్వు శాలిబండ కాడ చాయ్ తాగుతున్నవ్.”

“తాగిన అమ్మా” అన్నాడు ఎల్లప్ప బయటి నుంచి.

ఆమె పకపకా నవ్వింది. రెండు రోజుల్ని పక్కపక్కన పెట్టి చూడటం కూడా నేర్చుకుంది. సఫాయి అంటే ఏమిటో రాగసుధ చెప్పింది, పెట్టెకు ఆకాశం సరిగా కనపడనప్పుడు వచ్చే తప్పుడు చుక్కల్ని తీసేస్తుందని. మాణిక్యమ్మ వింటూ వింటూ వక్క నమలడం ఆపింది.

“అయితే మాఘంల గా రాత్రి తియ్యి” అంది.

బయట నీళ్ళ పైపు చప్పుడు ఆగిపోయింది. రాగసుధ తేదీ కొట్టింది. ఎర్రగీత వచ్చింది.

“ఇప్పుడు నీ సఫాయి నొక్కు.”

నొక్కింది. గీత అలాగే ఉంది. ఉంటుంది మరి, అలా ఉండేలా రాసింది తనే కదా.

“పాత తేదీలకు పనిచెయ్యదండి” అంది. 

“పోనియ్” అంది మాణిక్యమ్మ, ఏదో ఆశ పెట్టుకుని వదిలేసినట్టు. “పొరపాటేమో అనుకున్న. గా రాత్రి మా పక్కింటి ఆండాలు బిడ్డ పెండ్లి ఉండె. గల్లీ నిండ షామియానా ఏసిన్రు. బండి పెట్ట జాగలేక పక్కసందుల రేకుల షెడ్డు కింద పెట్టిన్రు ఇద్దరు కలిసి. పెండ్లి లొల్లిల ఎవడు తీసిండో ఎవరు చూసిన్రు.”

రేకుల షెడ్డు. ఎత్తుగోడల మధ్య సందు. రాగసుధకు అంతా అర్థమైంది. ఆ రేకుల కింద పెట్టెకు ఆకాశం కనపడే వీలే లేదు.

“పోలీసుల్ని గాని పిలిచారా?”

“మాకెందుకు పోలీసులు. మా ఇండ్లల్ల ఒకటే పద్ధతి. అప్పుడే పిండిన పాల బిందె ముందల పెడ్త. ఒట్టిచెయ్యి దాంట్ల ముంచి, తియ్యలేదని చెప్పమంట. అబద్ధమాడి పాలల్ల చెయ్యి పెట్టినోని ఇంట్ల గొడ్డు నిలవది, పిల్ల నిలవది. మా అత్త కాలం సంది గిదే.” ఆమె గొంతు తగ్గించింది. “ఎల్లప్ప ముంచిండు. మోచేతి దాంక ముంచి తియ్యలేదన్నడు. తర్వాత మల్లిగాని ముందల బిందె పెట్టిన. వాడు చేతులు ఎనుక కట్టుకున్నడు. ముంచురా అన్న. ముంచలే. ముంచురా కొడుకా అని బతిమాలిన. నేల చూసుకుంట నిలబడ్డడు. ఇగ అడిగేదేమున్నది? గప్పటి సంది గౌలిపురల వాని చేతి పాలు ఎవరు తీసుకోరు. అన్నదమ్ములు మాట్లాడుకోరు. బేగంబజార్ల మూటలు మోస్తుండట.”

చెబుతూ ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తీసేసిన మనిషి మీద కోపంతో కాదు, ఆమెకు వాడంటే ప్రాణం అని తెలిసిపోతూనే ఉంది. బయట పైపు మళ్ళీ మొదలైంది. ఎల్లప్ప ఒకే ట్రేను మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాడు.

మధ్యాహ్నం ఖాళీ ట్రేలు తేవడానికి ఎల్లప్ప ఆ వైపే వెళ్తున్నాడని, మేడంను అఫ్జల్‌గంజ్‌లో దించమని మాణిక్యమ్మ చెప్పింది. రాగసుధ ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. బండి లోపల పాలు విరిగిన పులుపు వాసన. ఎల్లప్ప చెప్పులు విప్పి సీటు కింద పెట్టుకుని నడుపుతాడు. మదీనా చౌరస్తా దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఎండ, హారన్లు, పక్కనే తోపుడు బండి మీద కోసి పెట్టిన దోసకాయలు. చెప్పకుండా ఉంటే ఈ బండి దిగిపోవచ్చు, ఇంటికెళ్ళి పడుకోవచ్చు. తేదీ రాసింది, ఇక తనకేం సంబంధం? ఈ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది. బ్యాగు తెరిచి కాగితాలు తీసింది.

“ఎల్లప్ప గారూ, ఆ రాత్రి బండి కదలలేదండి.”

అతను రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. ఆమె చెప్పుకుంటూ పోయింది. రేకుల షెడ్డు, ఆకాశం, తప్పుడు చుక్కలు, సఫాయి. పాత తేదీలకు పనిచెయ్యకుండా తామే ఆపామని కూడా చెప్పింది. “మా సార్ చెప్పొద్దన్నారు. అందుకే పొద్దున అమ్మగారి ముందు అబద్ధం చెప్పాను. రేపొచ్చి ఆమెకు నేనే చూపిస్తాను. ఆయన ఏమన్నా సరే.”

ట్రాఫిక్ కదిలింది. ఎల్లప్ప బండి నడిపాడు. బండి నయాపూల్ వంతెన ఎక్కింది.

“గప్పుడు పోయిందన్నరు. గిప్పుడు పోలేదంటున్నరు” అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

“అవునండీ. అప్పుడన్నది తప్పు.”

“మేడం, మీరన్నది నిజమే అయితది. నేనేం చదువుకున్నోణ్ణి గాదు.” అతను గేరు మార్చాడు. “కానీ వాడు చెయ్యెందుకు ముంచలే? నేను పక్కనే ఉన్న. తియ్యలేదన్నోడు ముంచితే అయిపోవు గద. వాన్ని నేను భుజాల మీద మోసి పెంచిన. మా అమ్మ పోయినప్పుడు వానికి పాలపండ్లు గూడ ఊడలే. గంత ప్రేమ చేసినోని ముందల దొంగలెక్క నిలబడ్డడు. బండి పోయిందా లేదా, ఆ ఫికర్ నాకెప్పుడో పోయింది. చెయ్యెందుకు ముంచలే?”

 విఠల్‌రావు గదిలో రాగసుధను ఆపేసిన ప్రశ్నే అది. “అతన్నే అడుగుదాం” అంది.

“నేనడగను.”

అడగనన్నవాడు బండిని అఫ్జల్‌గంజ్‌లో ఆపలేదు. వంతెన దిగి, ఎడమకు తిప్పి, బేగంబజార్ మొదట్లో ఒక డ్రైఫ్రూట్స్ దుకాణం పక్కన ఆపాడు. లోపలికి బండి పోదు. ఇంజన్ ఆపకుండానే, “మిర్చి గోదాముల కాడ ఉంటడంట. మీరు పోయి రండి. నేను దిగను” అన్నాడు.

బజారంతా మూటలు. నెత్తిన ఎత్తుకున్నవి, బండ్ల మీద తోసుకుపోతున్నవి, తలుపుల్లో అడ్డంగా పడి ఉన్నవి. ఇత్తడి సామాను గల్లీ దాటేసరికి గాలిలో మిరపఘాటు మొదలైంది. రాగసుధ తుమ్ముతూ, కొంగుతో ముక్కు మూసుకుని, ఇద్దర్నడిగి గోదాము పట్టుకుంది. హమాలీలు వరసగా గోడకానుకుని కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. లారీ నుంచి మూట దిగినప్పుడల్లా మేస్త్రీ ఒకరిని పిలుస్తున్నాడు. చివర కూర్చున్న మల్లన్నను ఆమె గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. చిక్కిపోయాడు. భుజం మీద గోనెసంచి మడత, చేతిలో మూటలు లాగే ఇనప కొక్కెం.

ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. “మేడం, మీరా? అమ్మ మంచిగున్నదా?”

“బాగున్నారు. నీతో ఒక మాట చెప్పాలి మల్లన్నా.”

గోదాము పక్కన చిన్న నీడలోకి వెళ్ళారు. ఆమె రెండు కాగితాలూ విప్పి, ఈ ఎర్రగీత తప్పనీ, నిజం ఈ నీలం చుక్కనీ, ఆ రాత్రి బండి షెడ్డు కిందనుంచి అంగుళం కూడా కదలలేదనీ చెప్పింది. తప్పు తమదేనని చెప్పింది. రేపు మాణిక్యమ్మకు చెబుతానని చెప్పింది. తిడతాడని సిద్ధపడే వచ్చింది. తిడితే బాగుండుననిపించింది.

మల్లన్న చేతులు తువ్వాలుకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. చుక్కను చాలాసేపు చూశాడు.

“అంటే అన్న తియ్యలేదా?”

“ఎవరూ తియ్యలేదు.”

“గట్లయితే అన్న ఒట్టు నిజమేనా?”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. “నిజమే. నువ్వు కూడా ముంచి ఉంటే నీదీ నిజమే అయ్యేది. ఎందుకు ముంచలేదు?”

“ఎట్ల ముంచుత మేడం?” మల్లన్న గోడకానుకుని కిందకు జారి కూర్చున్నాడు. “తాళాలు రెండే. నేను తియ్యలే. బండి పోయిందని తెర తిప్పి మీరే చూపిస్తిరి. ఇగ మిగిలిందెవరు? అమ్మ బిందె తెచ్చి ముందుగాల అన్న ముందలనే పెట్టె. అన్న ముంచె. మోచేతి కెళ్ళి పాలు కారుతున్నయి. అయ్యో, ఎంత పని చేసిండు అనుకున్న. ఇద్దరు పిల్లలు గలోడు, పాల మీద అబద్ధమాడె. ఇగ నేను గూడ ముంచితె ఇద్దరిల ఒకడు అబద్ధమని అమ్మకు తెల్వదా? నన్ను నమ్ముతరు, అన్నను పట్టుకుంటరు. నేను ముంచకపోతె లొల్లి నా మీదనే ఆగుతది అనుకున్న. గంతే.”

మేస్త్రీ అతని పేరు పిలిచాడు. మల్లన్న చెయ్యెత్తి వద్దన్నాడు. అతని వంతు పక్కవాడు తీసుకున్నాడు.

“పేరు పోయినందుకు బాధలేదు మేడం” అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మిరపఘాటుకో మరెందుకో. “ఇన్ని దినాలు మా అన్నను ఒట్టు తప్పినోడనుకున్న. ఆయన పక్కన కూసోని అన్నం తినబుద్ధి కాలే. ఇంట్లకెళ్ళి నన్నెవరు ఎల్లగొట్టలే, నేనే ఇల్లిడిసి వచ్చిన. ఆయనేమో సక్కగనే ఉన్నడు.” కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఆమెకిచ్చాడు. “అన్నకు గీ ముచ్చట చెప్పకుండ్రి. చెయ్యెందుకు ముంచలేదని అడిగితె, పాలంటె భయమైందట అని చెప్పుండ్రి. మీకు దండం పెడ్త.”

రాగసుధ కాగితాలు బ్యాగులో పెట్టుకుంది. గోదాము నుంచి బండి దాకా నడిచినంతసేపూ అతను నేర్పిన మాటే మనసులో పలుకుతూ వచ్చింది. భయమైందట. చెప్పడం తేలిక. ఎవరికీ నొప్పి తగలదు. అన్నకు తమ్ముడు నిర్దోషి అవుతాడు, తమ్ముడి మనసులో ఏముండేదో అన్నకు ఎన్నటికీ తెలియదు. ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటారు కూడా, కాకపోతే ఒకడు పిరికివాడని ఇంకొకడు అనుకుంటూ. తను మొన్న రాసిన లైను కూడా ఇటువంటిదే కదా అనిపించింది. జరిగినదాన్ని కదపకుండా, ముందు రోజులు మాత్రం శుభ్రంగా ఉంచే లైను.

ఎల్లప్ప ఎక్కడ ఆపాడో అక్కడే ఉన్నాడు. ఇంజన్ ఆపలేదు. వెనకనుంచి ఒక తోపుడు బండివాడు దారి ఇమ్మని అరుస్తున్నాడు. ఎల్లప్పకు వినిపించినట్టు లేదు.

“ఏమన్నడు?” అని అడిగాడు.

రాగసుధ బండి ఎక్కలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

“మీ ఒట్టు నిజమేనా అని అడిగాడండి.”

“నా ఒట్టా?” ఎల్లప్ప కనుబొమలు ముడిచాడు. “నా ఒట్టుకేమైంది? నేను ముంచినప్పుడు వాడు పక్కనే ఉండె గద. ముంచి చెప్పిన. వాడు చూడనే చూసిండు…”

మాట మధ్యలో ఆగిపోయింది. పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఎండపొడ పడి అతని ముఖం మీద ప్రతి ముడతా కనబడుతోంది. అతను ఇంజన్ ఆపాడు. చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు.

“వాడు నన్ను కాపాడిండా?” అన్నాడు.

ఆమె తలూపింది.

తోపుడు బండివాడు ఇప్పుడు తిట్టడం మొదలుపెట్టాడు. ఎల్లప్ప బండి దిగాడు. సీటు కింద చెప్పులు అలాగే ఉన్నాయి, తలుపు తెరిచే ఉంది. ఉత్తకాళ్ళతో, ఎవరెవరి భుజాలో తాకుతూ, ఇత్తడి గల్లీలోకి నడిచిపోయాడు. ఆ కాలుతున్న రాళ్ళ మీద అంత తొందరగా ఎవరూ నడవలేరు.

“బండి హటావ్ అమ్మా, రాస్తా బంద్ చేసిన్రు, ఎంతసేపు?” అన్నాడు తోపుడు బండివాడు.

రాగసుధకు బండి నడపడం రాదు. వెళ్ళి అతని బండికి అడ్డంగా నిలబడింది.

“ఆగు భాయ్” అంది. “కాసేపు ఆగు.”